గుమ్మలపేటలో నాలుగో గేరు

గుమ్మలపేట పురపాలక సంఘం పరిధిలో నాలుగో గేరు తప్ప తక్కిన గేర్లన్నీ రద్దయిన వేళకి జోగారావు మాస్టారు నర్సమ్మ బడ్డీ ముందు బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు.

మైకు కట్టిన ఆటో ఒకటి ఆ వీధిలోకి వచ్చింది. "ఇందుమూలముగా పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఇంధన పొదుపు మహోద్యమంలో భాగంగా నేటి నుండి పట్టణ పరిధిలో సకల వాహనములను నాలుగవ గేరులో మాత్రమే నడుపవలెను. ఒకటి, రెండు, మూడు గేరులను వినియోగించుట దుబారాగా పరిగణించబడును..." అంటూ బడ్డీ దాకా వచ్చి, రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ఆ డ్రైవరు కూడా నాలుగో గేరులోనే ఉన్నాడు. మైకు బ్యాటరీది కాబట్టి చెబుతూనే ఉంది.

"ఏటంట బాబూ?" అంది నర్సమ్మ, ఇడ్లీ రేకు దించుతూ.

"గేర్లు తీసేశారట నర్సమ్మా."

"తీసేసి ఏటి సేత్తారు?"

"దాచిపెడతారేమో."

"మన బండిక్కూడానా?"

మాస్టారు చట్నీ అద్దుకుంటున్నవారు ఆగారు. ఆ సంగతి ఆయనకు తోచలేదు.

జోగారావు మాస్టారు ఆ ఊరి కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. భార్య వరహాలమ్మ పోయి మూడేళ్ళు. ఆవిడ మంచాన పడ్డ నెలల్లో ఎవరూ అడక్కుండానే నర్సమ్మ రోజూ తెల్లారి జావ కాచి తెచ్చేది. గ్లాసు మీద మూతపెట్టి, గుమ్మంలో ఉంచి, పిలవకుండా వెళ్ళిపోయేది. పిలిస్తే మాస్టారికి నిద్ర చెడుతుందని. ఇప్పుడు నర్సమ్మకు షుగరు. కాలి మడమకు పుండు లేచింది. రోజు విడిచి రోజు ప్రభుత్వాసుపత్రిలో కట్టు మార్పించుకోవాలి. ఆలస్యం చేస్తే పాదం దక్కదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పారు. ఆ ఆసుపత్రి ఊరికి ఒక చివర గట్టు మీద ఉంది. దాన్ని ఎవరు, ఎందుకు అక్కడ కట్టారో తెలియదు గానీ, కింద నుంచి చూస్తే రోడ్డు గోడకు ఆనించిన నిచ్చెనలా కనిపిస్తుంది. ఆటోలు రామంటాయి. అందుకని మాస్టారే తన పాత మోటారు సైకిలు మీద తీసుకువెళతారు.

ఆ బండికి ఉన్నవే మూడు గేర్లు.

దాని మీద వరహాలమ్మ ముప్పై ఏళ్ళు వెనక కూర్చుంది. ఆవిడకు గేరంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. కానీ చెవి ఉంది. బజారులో మాస్టారు ఏదో ఆలోచిస్తూ పై గేరులోనే ఈడుస్తుంటే, ఇంజను గొంతు బరువెక్కగానే వెనకనుంచి ఆయన భుజం మీద వేలితో ఒకసారి తట్టేది. "ఏవండీ, మూలుగుతోంది. ఒకటి దించండి." ఖాళీ రోడ్డు మీద కింది గేరులో రొదపెడితే, "అరుస్తోంది పాపం, ఒకటి ఎక్కించండి" అనేది. బండి నడపడంలో ఇంతకుమించి నేర్చుకోవాల్సింది మాస్టారికి ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

*

ఈ మహోద్యమానికి మూలపురుషుడు కమిషనర్ దయానిధి గారు. చెడ్డవారు కాదు. లంచం పుచ్చుకోరు. ఎవర్నీ ఏకవచనంలో పిలవరు. సంతకం పెట్టేముందు కలం పాళీ జేబురుమాలుతో తుడుచుకుంటారు. ఆయన మీద ఊరికున్న ఫిర్యాదు ఒక్కటే, సదస్సుకు వెళితే అక్కడ విన్నది మరిచిపోకపోవడం.

ఈసారి సదస్సు ఇంధన పొదుపు మీద. అందులో ఒక నిపుణుడు, "బండి తగినంత వేగం అందుకున్నాక పై గేరులో పోతే పెట్రోలు తక్కువ తాగుతుంది" అన్నాడు. దయానిధి గారు ఆ వాక్యంలో రెండో సగం మాత్రం రాసుకున్నారు. మొదటి సగం చెబుతున్నప్పుడు టీ వచ్చింది.

ఒక్క ఆయన్నే అనుకుని లాభం లేదు. గుమ్మలపేటలో ప్రతి తండ్రీ కొడుక్కి బండి తాళం ఇస్తూ, "టాప్‌లో వేసి పోనీరా, పెట్రోలు కలిసొస్తుంది" అని చెప్పినవాడే. చేపల బజారులో మనిషి నడకకన్నా నెమ్మదిగా, ఇంజను గడగడ వణుకుతున్నా గేరు దించకుండా పోవడం ఆ ఊళ్ళో బుద్ధిమంతుల లక్షణం. దించినవాణ్ణి దుబారా మనిషిగా చూసేవారు. అందుకని ఉత్తర్వు వచ్చినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. తమ మాటే సర్కారు కాగితం మీద అచ్చయినందుకు కొందరు మురిసిపోయారు కూడా.

వారం తిరక్కుండా మునిసిపల్ సిబ్బంది ఇంటింటికీ వచ్చి, గేరు కడ్డీని నాలుగులో పెట్టి, కరెంటు మీటరుకు వేసినట్టు తీగె చుట్టి సీసం సీలు వేశారు. గడియారం స్తంభం దగ్గర సిగ్నలు పచ్చబడగానే బండ్లన్నీ ఒక్కసారి ముందుకు ఊగి, దణ్ణం పెట్టినట్టు తలవంచి, ఆగిపోయేవి. ఈలోగా మళ్ళీ ఎర్రబడేది. జనం సీట్ల మీద కూర్చునే రెండు కాళ్ళతో రోడ్డును వెనక్కి నెట్టుకుంటూ ఈదుకుపోయేవారు. "పౌరులలో వ్యాయామ స్పృహ గణనీయంగా పెరిగినది" అని కమిషనర్ గారు పై వారికి నివేదిక పంపారు.

వ్యాయామం మరీ ఎక్కువై వర్తక సంఘం మొరపెట్టుకుంది. దానికి పరిష్కారంగా కూడళ్ళలో బండ్లను వెనకనుంచి తోయడానికి మనుషుల్ని వేశారు. వాళ్ళని తోపుడువాళ్ళు అనకూడదు. చలన సహాయకులు. ఆకుపచ్చ చొక్కాలు ఇచ్చారు. ఒక్కణ్ణి తోస్తే సహాయకుడు, కుటుంబాన్ని తోస్తే సీనియర్ సహాయకుడు. బండి వేగం అందుకునే దాకా వీళ్ళు వెనకే పరుగెత్తేవారు. వేగం అందుకునేలోగా తర్వాతి కూడలి వచ్చేది. కాబట్టి గుమ్మలపేటలో ఇక ఏ బండీ ఇంజను వేయాల్సిన పనిలేకపోయింది. పెట్రోలు బంకు యజమాని గొట్టం మీద తువ్వాళ్ళు ఆరేసుకోవడం మొదలుపెట్టాడు.

"చూశారా!" అన్నారు దయానిధి గారు, ఆ నెల పెట్రోలు అమ్మకాల కాగితం చూసి, కళ్ళు చెమర్చి. "ప్రపంచంలో ఏ పట్టణమూ సాధించలేనిది ఇది."

ఆ మాట నిజం.

*

జోగారావు మాస్టారు అర్జీ పట్టుకుని వెళ్ళారు. దయానిధి గారు కుర్చీలోంచి లేచి కూర్చోబెట్టారు. ఆయన తమ్ముడు మాస్టారి దగ్గర చదువుకున్నాడు.

"అయ్యా, ఆగిన బండి కదలాలంటే మొదటి గేరు కావాలి," అన్నారు మాస్టారు, క్లాసులో వెనక బెంచీ వాళ్ళకు చెప్పినంత నిదానంగా. "కదిలాక రెండు, ఊపు వచ్చాక మూడు, దారి ఖాళీగా ఉంటే నాలుగు. సందులో మళ్ళీ దించుకోవాలి. ఎత్తు వస్తే ఇంకా దించుకోవాలి. ఇంజను గొంతు వింటే అదే చెబుతుంది."

"మాస్టారూ, తమరు చెబుతున్నది వ్యక్తిగత అనుభవం. మేం విధానపరంగా ఆలోచిస్తున్నాం. ఒకటి నుంచి నాలుగుకు దశలవారీగా వెళ్ళడం పాత పద్ధతి. మేం నేరుగా లక్ష్యం నుంచే బయలుదేరుతున్నాం."

"మరి ఆసుపత్రి ఎత్తు సంగతి?"

కమిషనర్ గారు గంట కొట్టారు. ఇంజనీరు భుజంగం ఫైలుతో వచ్చాడు.

"ఎత్తు ఎక్కడుందండీ?" అన్నాడు భుజంగం.

"ఆసుపత్రి రోడ్డులో."

"రికార్డులో లేదండి. గుమ్మలపేట సమతల పట్టణం కింద వర్గీకరించబడింది. కొండ ప్రాంతం అయితే వేరే పథకం. మనం సమతల పథకంలో దరఖాస్తు చేశాం. ఇప్పుడు ఎత్తు ఉందంటే పథకం పోతుంది."

"కానీ ఉంది కదా నాయనా. మీరూ రోజూ చూస్తున్నారు."

"చూడ్డానికి ఉంటుందండి," అని ఒప్పుకున్నాడు భుజంగం. అతను కూడా చెడ్డవాడు కాదు.

మర్నాటికి ఆ ఎత్తు మొదట్లో ఒక బోర్డు వెలిసింది. 'ఈ రోడ్డు సమతలము. ఎత్తు ఉన్నదను వదంతులు నమ్మవద్దు.' బోర్డు పాతినవాళ్ళు కాసేపు దాని నీడలోనే కూర్చుని ఆయాసం తీర్చుకున్నారు.

మాస్టారి బండికి సీలు వేయడానికి వచ్చినవాడు కడ్డీని తొక్కి తొక్కి, మూడు దాటి అది కదలకపోతే, "నాలుగోది ఎక్కడ పెట్టారండీ?" అని అడిగాడు. లేదని చెబితే, లోపమున్న బండ్లకు మినహాయింపు ఉంటుందని, మండలి ముందు హాజరుపరచమని చెప్పి వెళ్ళాడు. పోనీలే, ఒక దారి దొరికిందని మాస్టారు బండిని శుభ్రంగా తుడిచి, వరహాలమ్మ పట్టుకునే వెనక కడ్డీకి కొంచెం నూనె రాసి తీసుకెళ్ళారు.

వాహన లోప నిర్ధారణ మండలికి అధ్యక్షుడు మునిసిపల్ హెల్త్ ఆఫీసరు. లోపాలను నిర్ధారించే అర్హత ఉన్నవారు కార్యాలయంలో మరొకరు లేరు. ఆయన ముందు అలవాటుగా బండి పెట్రోలు ట్యాంకు మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు.

"ఈ లోపం పుట్టుకతో వచ్చిందా? మధ్యలోనా?"

"పుట్టుకతోనేనండి. తయారైనప్పుడే మూడు."

"వీళ్ళల్లో ఇంకెవరికైనా ఉందా?"

"ఆ కంపెనీ బండ్లన్నీ అంతేనండి."

"వంశపారంపర్యం," అని రాసుకున్నారు. "నొప్పి లాంటిది ఏమన్నా ఉందా?"

"ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో ఉంటే మూలుగుతుందండి."

హెల్త్ ఆఫీసరు గారు తలెత్తి, "ఎత్తు?" అన్నారు.

"సమతలంలో," అని మాస్టారు సర్దుకున్నారు.

చాలాసేపు లెక్క వేశాక ఆయన విచారంగా కళ్ళజోడు తీశారు. "నాలుగింటికి ఒకటి లేదు మాస్టారూ. అంటే ఇరవై అయిదు శాతం లోపం. మినహాయింపుకు కనీసం నలభై ఉండాలి. మనుషులకైనా అంతే."

"మరి ఎలాగండి?"

"ఇంకో గేరు కూడా పోతే అర్హత వచ్చేస్తుంది. పోగొట్టుకుని రండి. నేనే దగ్గరుండి చేయిస్తాను." మాట సాయం చేస్తున్నట్టే అన్నారు, నిజంగా సాయం చేయాలనే.

గేరు పోగొట్టుకోవడం మాస్టారికి చేతకాలేదు. బండిని జప్తు చేసి, ఎత్తు మొదట్లో ఉన్న మునిసిపల్ యార్డులో గొలుసు వేసి, 'లోపభూయిష్ట వాహనము' అని అట్టముక్క కట్టారు. రోడ్డు రోలరుతో తొక్కించి నుజ్జు చేయాలని ఆదేశం. కానీ రోడ్డు రోలరుకు కూడా నాలుగో గేరు లేదని బయటపడింది. దాన్నీ జప్తు చేసి బండి పక్కనే నిలబెట్టారు. రోలరును తొక్కించడానికి ఏదైనా దొరికే దాకా రెండూ అలాగే ఉంటాయన్నమాట. మాస్టారు దాన్ని తన అదృష్టం కిందే జమకట్టుకున్నారు.

*

కట్టు మార్చాల్సిన రోజు రాగానే నర్సమ్మను ఆమె బడ్డీ తోపుడు బండి మీదే కూర్చోబెట్టి, ఇడ్లీ గిన్నెలు దించేసి, మాస్టారు తోసుకుంటూ బయలుదేరారు. ఎత్తు సగం ఎక్కేసరికి ఆయన గుండె చెవుల్లో వినిపించింది. చక్రం కింద రాయి పెట్టి ఇద్దరూ రోడ్డు పక్కన కూర్చున్నారు.

"మీరు పోతే నాకు జావెవులు కాస్తారు బాబూ?" అంది నర్సమ్మ.

"జావ కాచేది నువ్వు కదా నర్సమ్మా."

"అదే సెప్తన్నాను. పోకండి."

ఆ రోజు ఎలాగో పైకి చేరారు గానీ, తర్వాత వచ్చిన రోజు నర్సమ్మ బడ్డీ కట్టేసి, కడుపునొప్పని అబద్ధమాడి, మంచం దిగలేదు. కట్టు పాతదే ఉండిపోయింది. ఆ తర్వాతి రోజున పాదం దగ్గర వాసన మారింది. మాస్టారు కొత్త చీర కట్టుకోమని చెప్పి, ఆమెను భుజం పట్టించి నడిపించుకుంటూ ఎత్తు మొదటి దాకా తీసుకొచ్చారు. ఇంక ఆమె అడుగు పడలేదు. యార్డు గోడ పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టి, మొహం తుడుచుకోమని తడి తువ్వాలు ఇచ్చారు.

అదే రోజు, పెట్రోలు పొదుపు చేసిన పట్టణానికి ఇచ్చే 'ఇంధన మిత్ర' పురస్కారం న్యాయనిర్ణేత పరాంకుశం గారు పరిశీలనకు వచ్చారు.

నిండు మనిషి. ఎండ మీదెక్కిన వేళ. ఆయన్ని కమిషనర్ గారి జీపులో, అంటే చలన సహాయకులు తోస్తున్న జీపులో, ఊరంతా తిప్పి యార్డు దగ్గరకు తెచ్చారు. జనానికి ఆదర్శంగా ఉండాలని దయానిధి గారు తన జీపు గేరు కడ్డీకి సీలు కాకుండా ఏకంగా వెల్డింగే చేయించుకున్నారు. ఆయన్ని చూసి ఆసుపత్రి అంబులెన్సువాళ్ళూ చేయించుకున్నారు.

"అద్భుతం!" అన్నారు పరాంకుశం గారు చెమట తుడుచుకుంటూ. "ఇంజను చప్పుడే లేదు. దీన్ని స్వయంగా అనుభూతి చెందాలి." అంటూ దిగి, తానూ ఒక చేయి వేసి జీపును తోయడం మొదలుపెట్టారు. ఫొటోలు తీశారు. రెండో ఫొటోకి ఆయన నవ్వుతూనే మోకాళ్ళ మీద కూలిపోయారు.

నీళ్ళు చల్లారు. కళ్ళు తేలేశారు. పెదవులు నల్లబడ్డాయి. ఎత్తు మీద ఆసుపత్రి కనబడుతూనే ఉంది.

"జీపెక్కించి తోయండి!" అన్నారు దయానిధి గారు. ఆకుపచ్చ చొక్కాలన్నీ కలిసి తోశాయి. జీపు నాలుగు బారలు ఎక్కి, సమతలము మీద నుంచి వెనక్కి జారి, బోర్డును పడగొట్టింది.

దయానిధి గారు అటూ ఇటూ చూశారు. రోలరును మినహాయిస్తే ఊళ్ళో సీలు లేని ఇంజను ఒక్కటే ఉంది. గోడ అవతల, రోలరు పక్కన, అట్టముక్క కట్టుకుని.

"మాస్టారూ..." అన్నారాయన.

జోగారావు మాస్టారు అప్పటికే లేచి నిలబడ్డారు. బేరం ఆడవచ్చునని ఆయనకు తోచలేదు. నర్సమ్మకు తోచింది గానీ ఆడలేదు. "ముందు ఆ బాబుని పైన దించండి, తర్వాత నన్ను తీసుకెల్దురు గాని. బేగి ఎల్లండి, మనిసి సచ్చిపోతాడు!"

గొలుసు విప్పారు. మాస్టారు ముందు, పరాంకుశం గారు మధ్యలో, ఆయన్ని కావలించుకుని పట్టుకుని వెనక దయానిధి గారు.

"ముగ్గురం అండీ," అన్నారు మాస్టారు.

"ముగ్గురు ఎక్కడం పోలీసు శాఖ పరిధి. నాది కాదు. మీ బండికి మూడే పై గేరు కదా, మూడులోనే పోనివ్వండి. అది నా పరిధి."

చలన సహాయకులు వెనక చేరి ప్రాణం పెట్టి తోశారు. ఇంజను అందుకుంది. బండి మూడో గేరులో ఎత్తు మొదలు దాటి, ఊపు ఉన్నంతసేపు ఎక్కి, మధ్యకు వచ్చేసరికి గొంతు బరువెక్కింది. హ్యాండిలు వణికింది. మాస్టారి ఎడమకాలు కడ్డీ మీద ఉంది, కదల్లేదు. తొక్కి గేరు దించితే ఉత్తర్వు మీరినట్టే, తన బండి తన కాలితోనే రోలరు కిందికి పోతుంది.

"మాస్టారూ," అన్నారు వెనకనుంచి దయానిధి గారు. "మూలుగుతోంది."

"అవునండి."

"ఆగిపోతుందా?"

"ఆగితే వెనక్కి జారతామండి."

పరాంకుశం గారి తల ఒక పక్కకు వాలింది. దయానిధి గారు ఒక చేత్తో ఆ తలను తన గుండెకు ఆనించుకున్నారు. రెండో చెయ్యి కొంచెంసేపు గాలిలో తచ్చాడింది. తర్వాత మాస్టారి భుజం మీద ఒక వేలు ఒకసారి తట్టింది.

"ఒకటి... ఒకటి దించండి."

మాస్టారు దించారు. బండి ఊపిరి తీసుకుంది. వంపు దగ్గర వేలు మళ్ళీ తట్టింది. "ఇంకోటి." మొదటి గేరులో, తొందరలేకుండా, ఒక్కొక్క అడుగూ చూసుకుని వేసే ముసలివాడిలా బండి గట్టెక్కింది.

వడదెబ్బ అని చెప్పి సెలైను పెట్టారు. గంటలో పరాంకుశం గారు కళ్ళు తెరిచి పురస్కారం ప్రకటించారు. హెడ్ నర్సు సువార్తమ్మ మాస్టారిని చూసి, "నర్సమ్మ ఏది?" అంది. కింద ఉందని వినగానే కట్టు సామాను ట్రేలో సర్దుకుని, "దిగడానికి గేరు గొడవ లేదు కదా, పదండి" అని బండి వెనక కూర్చుంది. యార్డు దిమ్మ మీదే కట్టు మార్చింది. కానీ పుండు చూశాక ఆమె మొహంలో నవ్వు పోయింది.

"ఎల్లుండి డాక్టరు గారు చూడాల్సిందే. తెస్తే పాదం ఉంటుంది. తేకపోతే నేనేం చెప్పలేను."

*

ఆ మధ్యాహ్నమే కార్యాలయంలో పెద్ద చిక్కు వచ్చింది. కింది గేరు వాడినట్టు రాస్తే పురస్కారం పోతుంది. వాడలేదని రాస్తే కమిషనర్ అబద్ధమాడినట్టవుతుంది. అది ఆయనవల్ల కాదు. చీకటి పడేదాకా ఆలోచించి ఒక సవరణ వెలువరించారు. 'వాహనము వెనుక భాగమున కమిషనర్ స్వయముగా ఆసీనులై, నోటిమాటగా ఆదేశించిన సందర్భమున మాత్రము గేరు దించవచ్చును.' జరిగింది అదే కాబట్టి అది సత్యం, చట్టం రెండూ అయింది. బండిని మాస్టారికి ఇచ్చేశారు. సీలు వేసిన తక్కిన బండ్లకు, కమిషనర్ ఎక్కినప్పుడు మాత్రం సీలు విప్పేందుకు ఒక మనిషిని పటకారుతో ఎత్తు మొదట్లో కూర్చోబెట్టారు.

తెల్లారేసరికి దయానిధి గారి ఇంటి ముందు బారు కట్టారు. పాలవాడు, గర్భిణి భార్యను తెచ్చిన మేస్త్రీ, దగ్గుతున్న తండ్రిని తెచ్చిన కొడుకు. దయానిధి గారు కాదనలేదు. పాలక్యాన్ల మధ్య ఇరుక్కుని ఒకసారి, సిమెంటు బస్తా మీద ఒకసారి, ఎక్కుతూ దిగుతూ, "దించండి... దించండి" అంటూ సాయంత్రానికి గొంతు పోగొట్టుకున్నారు. సీటు మీద ఆయనే ఉంటారు కాబట్టి రోగులు పక్కన నడిచేవారు. మేస్త్రీ భార్య మధ్యలో రెండుసార్లు కూర్చుంది. ఆమె కూర్చున్నప్పుడల్లా కమిషనర్ గారు బండి ఆపించి, దిగి, తన గొడుగు పట్టారు.

ఆ మర్నాడు మాస్టారు నర్సమ్మతో ఎత్తు మొదటికి వచ్చారు. దయానిధి గారు అప్పటికే నడుం పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహం ఎండకు కమిలింది. అలవాటుగా వెళ్ళి మాస్టారి వెనక కూర్చున్నారు.

"అయ్యగోరు కూకుంటే మరి నానెక్కడ కూకోవాల?" అంది నర్సమ్మ.

"నిబంధన ప్రకారం... మీరు నెమ్మదిగా నడవాలమ్మా."

"నడవగలిగితే ఆస్పత్రికెందుకు బాబూ?"

దయానిధి గారు కట్టు కట్టిన ఆ పాదాన్ని చూశారు. కట్టు పక్కనుంచి తడి ఊరుతోంది. ఎత్తువైపు చూశారు. జీపు పడగొట్టిన బోర్డును సిబ్బంది మళ్ళీ పాతి పెట్టారు గానీ, కొంచెం ఒరిగి ఉంది. బండి దిగి, కలం తీసి, పాళీ తుడుచుకున్నారు.

నిబంధన మీరడం ఆయనకు చేతకాదు. ఉత్తర్వు రాయడం వచ్చు. అక్కడే, బండి సీటు మీద కాగితం పెట్టి రాశారు.

'రికార్డులో లేని ఎత్తును ఎక్కునపుడు, వాహనము వెనుక కూర్చున్న వ్యక్తి, ఆ ఎత్తు ముగియు వరకు, ఇన్‌ఛార్జి కమిషనర్‌గా బాధ్యతలు స్వీకరించినట్లు పరిగణించబడును.'

"చదువు రాదు బాబూ నాకు," అంది నర్సమ్మ భయంగా.

"ఈ ఉద్యోగానికి అక్కర్లేదమ్మా," అన్నారు దయానిధి గారు. "చెవి ఉంటే చాలు." అని ఆమె మోచెయ్యి పట్టుకుని, తానే సీటు మీదకు ఎక్కించారు. తర్వాత మాస్టారి దగ్గరకు వచ్చి, మెల్లగా, "ఎక్కడ తట్టాలో చెప్పారా ఆవిడకి?" అని అడిగారు.

*

నర్సమ్మ పాదం దక్కింది. ఈ సవరణ ఇప్పటికీ అమల్లో ఉంది. ఎత్తు మొదట్లో ఒక మేకుకు 'కమిషనర్ (ఇన్‌ఛార్జి)' అని రాసిన రేకు బిళ్ళలు గుత్తిగా వేలాడుతుంటాయి. వెనక కూర్చునేవాళ్ళు ఒకటి మెడలో వేసుకుని, పైన ఆసుపత్రి గేటు మేకుకు తగిలించి వెళతారు. చలన సహాయకులు సాయంత్రం బుట్టలో కిందికి తెస్తారు. ఒంటరిగా వచ్చినవాడికి గేరు దించే అధికారం లేదు కాబట్టి, వెనక ఎవరినో ఒకరిని ఎక్కించుకోకుండా ఎవరూ ఎత్తు ఎక్కలేరు. అందుకని గుమ్మలపేటలో ఆసుపత్రికి నడిచి వెళ్ళే రోగి ఇప్పుడు లేడు. కింద నిలబడితే చాలు, "కమిషనర్ గారూ, రండి రండి" అని బండ్లవాళ్ళే పోటీపడి పిలుస్తారు. ఈ మేలు ఎవరు ఉద్దేశించారో కార్యాలయంలో ఎవరికీ తెలియదు. పురస్కారం మాత్రం గోడకు ఉంది.

బిళ్ళలు ఇంకా రాని ఆ మొదటి రోజు, నర్సమ్మ ఎత్తు మధ్య దాకా ఉత్తర్వు కాగితం ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. బండి గొంతు బరువెక్కింది. మాస్టారు కావాలనే కాలు కదపకుండా ఊరుకున్నారు. భుజం మీద, ఎప్పటి చోటే, ఒక వేలు తట్టింది.

"ఓలమ్మ, మూలుగుతంది బాబూ. ఒకటి దించండి."

"చిత్తం కమిషనర్ గారూ," అన్నారు జోగారావు మాస్టారు. గేరు దించారు.